‘అందరికి దాసుడు’: తెలుగులో ఈ మాట బరువు తగ్గిందా?

ప్రశ్న:
మార్కు సువార్త 10వ అధ్యాయం, పాత అనువాదంలో: “మీలో ఎవడైనను గొప్పవాడై యుండగోరినయెడల వాడు మీకు పరిచారము చేయువాడై యుండవలెను. మీలో ఎవడైనను ప్రముఖుడై యుండగోరినయెడల, వాడు అందరికి దాసుడై యుండవలెను.” పరిచారం, దాస్యం ఒకటేనా? ఒకే సంగతిని రెండుసార్లు చెప్పారా? నేటి తెలుగులో చెప్పాలంటే ఏ మాటలు సరిపోతాయి?

జవాబు:
ఒకటి కాదండీ. గ్రీకులో మొదటిది దియాకొనోస్, రెండోది దూలోస్. దియాకొనోస్ అంటే చెప్పిన పని చేసిపెట్టేవాడు, ముఖ్యంగా భోజనాల దగ్గర అందించేవాడు. అతడు స్వతంత్రుడైనా కావచ్చు. దూలోస్ యజమాని సొత్తు, అమ్మడానికీ కొనడానికీ వీలైన మనిషి. కోరిక ‘గొప్పవాడు’ నుంచి ‘ప్రముఖుడు’కి (గ్రీకులో ప్రోతోస్, అంటే మొదటివాడు) ఎక్కితే, చోటు పరిచారకుడి నుంచి దాసుడికి దిగింది. ‘మీకు’ అన్నది కూడా ‘అందరికి’ అయింది. మత్తయి 20:27లో మాత్రం ‘మీ దాసుడు’ అనే ఉంటుంది.

దీనికి ముందున్న 42వ వచనం కూడా చూడండి. అధికారులు జనం “మీద ప్రభుత్వము చేయుదురు” అని ఉంది. ఇప్పటి పాఠకుడికి ప్రభుత్వం అంటే సర్కారు. ఇక్కడ ప్రభువుగా ఉండడం, పెత్తనం చేయడం. గ్రీకు క్రియలో కూడా ప్రభువు అనే అర్థమున్న కూరియోస్ ఉంది, దాని ముందున్న ‘కత’ అనే ఉపసర్గ బరువంతా కిందివాళ్ల మీద పడడాన్ని చూపుతుంది. పాత అనువాదకులు ‘మీద’తో దాన్ని చక్కగా పట్టుకున్నారు.

మరో జవాబు:
దియాకొనోస్‌కు ‘వడ్డించేవాడు’ అనొచ్చు. లూకా 22:27లో పంక్తిన కూర్చున్నవాడు గొప్పా, పరిచర్య చేసేవాడు గొప్పా అని యేసే అడుగుతాడు. అయితే ఒక చిక్కుంది. “వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే” అన్న సామెతలో గరిటె చేతిలో ఉన్నవాడిదే పలుకుబడి. సువార్తలో దానికి సరిగ్గా ఎదురు. అందుకే ఆ మాటను ఒంటరిగా వాడకుండా ‘మీకు వడ్డించి నిలబడేవాడు’ అంటే అర్థం జారిపోదు.

‘సేవకుడు’ అంటే ఇంకా చిక్కు. మన సంఘాల్లో ‘దైవసేవకులు’ ఇప్పుడు గౌరవపదం, ‘గారు’ చేర్చి పలుకుతాం. ‘పరిచారకులు’ కూడా మొదటి తిమోతి 3వ అధ్యాయంలో సంఘంలో ఒక బాధ్యతకు పేరే. గ్రీకులోనూ అక్కడ ఉన్నది దియాకొనోసే. పదవి వద్దని చెప్పిన మాటే పదవి పేరైంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి ‘దాసుడు’ సరిపోతుందా? రామదాసు అన్నప్పుడు అది తక్కువ మాటలా వినిపించదు కదా?

జవాబు:
అసలు విషయం అదే. దాసుడి గౌరవం యజమానిని బట్టి వస్తుంది. కంచర్ల గోపన్న రాముడికి దాసుడు, అందుకే ఆ పేరు ఎత్తున నిలిచింది. గ్రీకులోనూ అంతే: పాత నిబంధన గ్రీకు అనువాదంలో కీర్తనకారుడు మోషేను దేవుని దూలోస్ అంటాడు, పౌలు రోమా పత్రిక మొదట్లో తనను క్రీస్తు దూలోస్ అని చెప్పుకుంటాడు. ఆ రెండుచోట్లా ‘దాసుడు’ చక్కగా అతుకుతుంది. మార్కు 10:44లో యజమాని ‘అందరు’. ఆ దాస్యానికి వెలుగునిచ్చే గొప్ప ప్రభువెవరూ లేడు. కాబట్టి అక్కడ ‘బానిస’ అనాలి.

45వ వచనం దీన్ని ఖాయం చేస్తుంది. మనుష్యకుమారుడు తన ప్రాణాన్ని “విమోచన క్రయధనము”గా ఇవ్వడానికి వచ్చాడన్నచోట గ్రీకులో లుత్రోన్. బానిసను, యుద్ధఖైదీని విడిపించడానికి కట్టే సొమ్ముకు ఆ మాట వాడేవారు. 44లో భక్తుడి అర్థంలో దాసుడిని ఊహించుకుంటే 45లో వెల మాట ఎందుకొచ్చిందో తెలియదు. బానిస అని చదివితే రెండు వచనాలూ కలుస్తాయి.

‘బానిస’తోనూ ఒక ఇబ్బంది ఉంది. ‘తాగుడుకు బానిస’ లాంటి వాడుక వల్ల తన మీద తనకు అదుపు లేనివాడు అనిపిస్తుంది. ఇక్కడ ఆ మెట్టు కావాలని దిగేదే. అందుకని నేనైతే ఇలా రాస్తాను: “మీలో గొప్పవాడు కావాలనుకునేవాడు మీకు వడ్డించి నిలబడాలి. మొదటివాడు కావాలనుకునేవాడు తనంతట తానే అందరికీ బానిస కావాలి.” ‘తనంతట తానే’ మూలంలో లేదు, కాబట్టి ఆ సంగతి అధోజ్ఞాపికలో చెప్పడం మేలు.