రీసెంట్స్‌లో యాప్‌లన్నీ తుడిచేయడం అవసరమా, వృథానా?

గోదారిగట్టు:
మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా నాన్నగారు పడుకునే ముందు రీసెంట్స్ (తెరిచిన యాప్‌లు కార్డుల్లా వరుసగా కనిపించే తెర) తెరిచి అన్నీ తుడిచేస్తే గానీ ఫోన్ పక్కన పెట్టరు. వెనకాల నడుస్తుంటే చార్జింగ్ తినేస్తాయంటారు. నేను వద్దంటాను. ఎవరు రైటు? ఆండ్రాయిడ్ ఫోనే, 4 జీబీ ర్యామ్.

చార్జర్‌దాసు:
నాన్నగారే రైటు. నాదీ 4 జీబీనే. ఒక గేమ్, యూట్యూబ్, వాట్సాప్ తెరిచి వదిలేస్తే కీబోర్డ్ రావడానికే ఆలస్యం. అన్నీ తుడిచానంటే మళ్ళీ దారిలో పడుతుంది. కళ్ళ ముందు జరిగేది కాదంటే ఎలా?

పాతబోర్డు:
రీసెంట్స్‌లో ఉన్నవన్నీ నడుస్తున్నాయనుకోవడంతోనే వచ్చింది చిక్కంతా. అవి ఈమధ్య తెరిచినవి, అంతే. కావాలంటే ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి, చాలా ఫోన్లలో ఆ కార్డులు అలాగే ఉంటాయి, లోపల ఏదీ నడవకపోయినా. ర్యామ్‌లో మిగిలినవి కూడా చాలావరకు ఊరికే కూర్చుంటాయి, చోటు చాలకపోతే పాతవాటిని ఆండ్రాయిడే తీసేస్తుంది. మీరు తుడిచేసి పది నిమిషాలకి మళ్ళీ తెరిస్తే మొదటినుంచి లోడ్ అవ్వాలి, చార్జింగ్ అక్కడ ఖర్చవుతుంది. రోజూ వాడే పప్పు డబ్బాని ప్రతిసారీ అటకెక్కించి నిచ్చెన వేసుకుని దించుకున్నట్టు. 2016లో ఒకాయన ఐఫోన్ గురించి ఇదే ప్రశ్న అప్పటి యాపిల్ సీఈఓ టిమ్ కుక్‌కి మెయిల్ పెడితే యాపిల్‌లో సాఫ్ట్‌వేర్ చూసే క్రెయిగ్ ఫెడరిగి జవాబిచ్చాడు: తను మూయడట, బ్యాటరీకి ఆ అవసరమూ లేదట.

చార్జర్‌దాసు:
ఐఫోన్ వాళ్ళ సంగతి మాకెందుకు బ్రో. మ్యాప్స్‌లో నావిగేషన్ ఆపకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోదా?

పాతబోర్డు:
దిగుతుంది, ఎవరు కాదన్నారు? అది నిజంగానే పనిచేస్తోంది, పైన నోటిఫికేషన్ కూడా ఉంటుంది. దాన్నొక్కదాన్నీ ఆపండి. దానికోసం మిగతావన్నీ ఎందుకు తుడవడం?

తత్కాల్‌బాధితురాలు:
అసలు బాధ మీరిద్దరూ వదిలేశారు. టికెట్ బుక్ చేస్తూ డబ్బు కట్టే పేజీ దాకా వస్తాను, ఓటీపీ కోసం మెసేజ్‌ల్లోకి వెళ్ళి వచ్చేసరికి టికెట్ యాప్ మళ్ళీ లాగిన్ అడుగుతుంది. నేనేమీ తుడవలేదు, ఫోనే మూసేసింది! కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని మరీ తొందరపడతాయి. అందుకే ఇప్పుడు ఓటీపీని పైన జారే నోటిఫికేషన్‌లోనే చదివేస్తాను, యాప్ మారను. మారక తప్పకపోతే, కింద మూడు బటన్లున్న ఫోన్లలో రీసెంట్స్ బటన్ గబగబా రెండుసార్లు నొక్కితే ముందటి యాప్‌కి వెళ్ళిపోతాం, ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది ఇది. టికెట్ యాప్ కార్డుని కాసేపు నొక్కి పట్టుకుంటే కొన్ని ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది, అది వేస్తే త్వరగా పోదు.

గోదారిగట్టు:
ఇంకో సంగతి. నాన్నగారికి రాత్రి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు పొద్దున యాప్ తెరిచాకే వస్తున్నాయి. నెట్‌వర్క్ సమస్య అనుకుంటున్నారు.

పాతబోర్డు:
తుడవడం వల్లే కావచ్చు. కొన్ని ఫోన్లలో తుడిస్తే ఫోర్స్ స్టాప్ చేసినట్టే, మళ్ళీ తెరిచేదాకా నోటిఫికేషన్లు రావు. రెండు రాత్రులు వాట్సాప్‌ని మాత్రం వదిలేయమనండి, తెలిసిపోతుంది.

చార్జర్‌దాసు:
సరే, వాట్సాప్‌కి తాళం వేస్తా. గేమ్ మాత్రం తుడుస్తా, అది ఉంటే నా కీబోర్డ్ రాదు.