రక్తరసంలో కొలిచినది నైట్రిక్ ఆక్సైడేనా?

తుంగభద్ర గట్టు (కర్నూలు): మధుమేహ రోగుల రక్తరసంలో గ్రీస్ కారకంతో (నైట్రైటు తగిలితే గులాబీ రంగు తేలే రసాయనం) 540 నానోమీటర్ల వద్ద రంగు కొలిచి, ‘నైట్రిక్ ఆక్సైడ్ (రక్తనాళాలు తయారుచేసి, వాటిని సడలించే వాయువు) స్థాయి’ అని రాసినందుకు మా విద్యార్థిని సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు తిప్పి పంపారు. 1879 నాటి పద్ధతిని లోకమంతా వాడుతుంటే, తప్పు మా దగ్గరే కనిపించిందా?

పెన్నేటి ఒడ్డు (కడప): తిప్పి పంపడం సబబేనండి. రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ క్షణమైనా నిలవదు. ఆక్సీహీమోగ్లోబిన్‌ను తాకగానే నైట్రేటుగా మారుతుంది. గ్రీస్ కారకం పట్టేది నైట్రైటును మాత్రమే, కాబట్టి నైట్రేటును ముందుగా క్షయకరణం చేసి నైట్రైటుగా మార్చకపోతే అది లెక్కలోకే రాదు.

తుంగభద్ర గట్టు: వెనేడియం క్లోరైడుతో క్షయకరణం చేసింది. పైగా ‘క్షణమైనా’ అన్నది అతిశయోక్తి. ఉత్త నీటిలో అది అంతకన్నా చాలాసేపు ఉంటుంది.

పెన్నేటి ఒడ్డు: మీరు కొలిచింది నీటిలో కాదు కదా, రక్తంలో.

హంద్రీ: రక్తం హెపారిన్ (గడ్డకట్టకుండా కలిపే మందు) గొట్టంలో తీసి ఉంటే గ్రీస్ కారకంతో మడ్డి కడుతుంది, చూసుకోండి.

చిత్రావతి (అనంతపురం): అసలు చిక్కు తిండిలోనూ నీళ్లలోనూ వచ్చే నైట్రేటుతో ఉంది. తాగునీటికి మన దేశంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, అంటే సుమారు 726 మైక్రోమోల్. రక్తరసంలో మామూలుగా ఉండేది కొన్ని పదుల మైక్రోమోలే. మా పల్లెల్లో కొన్ని బోర్ల నీళ్లు ఆ పరిమితినీ దాటుతాయి. అలాంటి నీళ్లు తాగి, రాత్రి పాలకూర పప్పుతో సంగటి తిని వచ్చిన మనిషి రక్తంలో మీరు కొలిచేది రక్తనాళాన్నా, పొలాన్నా?

తుంగభద్ర గట్టు: ఓజోన్ కెమిల్యూమినెసెన్స్ యంత్రం (ఓజోన్‌తో కలిసినప్పుడు వెలువడే కాంతిని బట్టి నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచేది) ఉన్నవారికి ఇలాంటి మాటలు సులువు. యంత్రం లేని ఊళ్లో పరిశోధనే చేయకూడదని సూటిగా చెప్పండి.

పెన్నేటి ఒడ్డు: నాకూ ఆ యంత్రం లేదు. కణాలను పెంచే ఆర్‌పీఎంఐ మాధ్యమంలో మొదటి నుంచీ ఉన్న నైట్రేటును నా కణాలు తయారుచేసినదిగా భ్రమపడి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అప్పుడు నన్ను ఆపిన పరీక్షకులు ఒక్కరూ లేరు. ఇక్కడ యంత్రం కొనమని ఎవరూ అనలేదు, ‘నైట్రేట్, నైట్రైట్‌ల మొత్తం’ అని పేరు మార్చితే చాలు.

తుంగభద్ర గట్టు: పేరు మార్చడమే కుదరదండి! విశ్వవిద్యాలయంలో నమోదైన శీర్షికలోనే ‘నైట్రిక్ ఆక్సైడ్’ ఉంది. దాన్ని మార్చాలంటే మళ్లీ కమిటీ, మళ్లీ రుసుము, మళ్లీ నెలల ఎదురుచూపు. ఆ అమ్మాయి ఉపకార వేతనం మార్చితో ఆగిపోతుంది. ఆ శీర్షిక పెట్టించింది నేనే.

పెన్నేటి ఒడ్డు: ఈ మాట మొదటే చెప్పవలసింది సార్. శీర్షికను కదిలించకుండా, పద్ధతుల అధ్యాయంలోనూ పట్టికల్లోనూ కొలిచినదాని పేరు ఉన్నదున్నట్టు రాసి, పరీక్షకులకు ఒక వివరణ పంపండి. ఎక్కువ మంది అందుకు ఒప్పుకుంటారు.

చిత్రావతి: రోగులు ముందురోజు ఏం తిన్నారో, ఏ నీళ్లు తాగారో రాసిపెట్టుకున్నారా?

తుంగభద్ర గట్టు: పరగడుపున రక్తం తీశాము. ముందురోజు తిండి సంగతి అడగలేదు.