పళ్ళు శుభ్రం చేయించినా నాన్నగారి నోటి దుర్వాసన తగ్గలేదు, ఏం చేయాలి?

మాది తిరుపతి. నాన్నగారికి 64 ఏళ్ళు. నెలకోసారి స్నేహితులతో అలిపిరి మెట్లదారిలో కొండెక్కే మనిషి, ఈమధ్య వెళ్ళడం మానేశారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మొన్న మా నాలుగేళ్ళ పాప "తాతయ్యా, నీ నోరు వాసన వస్తోంది" అని ముఖం తిప్పుకుంది. అప్పుడు ఆయన కళ్ళలో కనిపించిన బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రెండు పూటలా పళ్ళు తోముతారు. పొగాకు అలవాటు లేదు. జేబులో ఎప్పుడూ ఏలకులు, లవంగాలు ఉంటాయి. రెండు నెలల కిందట దంతవైద్యురాలు గార తీసి, చిగుళ్ళు వాచాయన్నారు. మూడు వారాలు బాగుంది, మళ్ళీ మొదలైంది. నాలుక వెనుక తెల్లటి పూత పేరుకుంటోంది. అక్కడి బాక్టీరియా వదిలే గంధకపు వాయువుల వల్లే వాసన వస్తుందని ఆమె చెప్పారు. నాలుకబద్ద లోపలి దాకా పెడితే వాంతి వచ్చినట్టవుతుందని నాన్నగారు ముందు భాగంతోనే ఆపేస్తారు.

నా అనుమానం రక్తపోటు మాత్రల మీద. అవి మొదలయ్యాకే నోరు ఎండిపోతోందంటున్నారు. పైగా రాత్రి నోరు తెరుచుకుని నిద్రపోతారు. లాలాజలం తగ్గితే వాసన పెరుగుతుంది కదా. అలాగని మాత్రలు మాత్రం మాననివ్వను.

వైద్యుణ్ణి అడిగి మాత్ర మార్పించుకున్నాక ఈ ఇబ్బంది తగ్గినవారు ఉన్నారా? టాన్సిల్ రాళ్ళేమో (గొంతులోని టాన్సిల్స్‌లో పేరుకునే గట్టి ముద్దలు) చూడమని చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలా, ముందు మధుమేహ పరీక్ష చేయించాలా? వాంతి రాకుండా నాలుక చివరి దాకా ఎలా శుభ్రం చేసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.