అమ్మానాన్నలతో కరీబియన్ క్రూజ్, ఏ రూటు మంచిది?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో డిసెంబరులో 7 రాత్రుల క్రూజ్ అనుకుంటున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మ శాకాహారి. మయామీ వెళ్లి ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే పెద్ద ఓడ ఎక్కాలా, మా టెక్సస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచే వెళ్లాలా?

జవాబు 1: గాల్వెస్టనే నయమండీ, కారులో 5 గంటలు. ఐకాన్‌లో 20 డెక్కులు, నిండితే 7 వేల పైచిలుకు జనం, పిల్లలకి పండగే గానీ పెద్దవాళ్లకి నడకే సరిపోతుంది.

జవాబు 2: రూటులో గ్రాండ్ కేమన్ దీవి ఉందేమో చూసుకోండి, అక్కడ ఓడ ఒడ్డుకి ఆనదు, సముద్రంలోనే ఆపి చిన్న పడవల్లోకి దింపుతారు, మోకాళ్లతో కష్టం. మెక్సికోలోని కొజుమెల్‌లో అయితే నేరుగా జెట్టీ మీదికే దిగొచ్చు. అన్నట్టు, ఓడ వేరే దేశాలకెళ్లి మళ్లీ అమెరికాకి వస్తుంది కదా, అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా (ఒకటికి మించి సార్లు రానిచ్చేదేనా)?

జవాబు 3: శాకాహారం సంగతి బుకింగ్‌లోనే చెప్పేయండి. మా అత్తగారైతే సీలు తీయని ఆవకాయ ప్యాకెట్లు పట్టుకొచ్చారు, చివరికి మేమే లాగించాం!

ప్రశ్న అడిగినవారు: మల్టిపులే అండీ. పడవల సంగతి అస్సలు తెలీదు, థాంక్స్.