రెండున్నర లక్షల్లో ఏడుగురు పట్టే పాత బండి: ఈకోనా, ఇన్నోవానా?

పరకాల రోడ్డు:
అందరికీ నమస్కారం. హనుమకొండలో ఉంటాను. ఇంట్లో అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఊరికి వెళ్లేటప్పుడు చెల్లెలు కూడా వస్తుంది. నాన్నకు నెలనెలా ఆసుపత్రి, పండగలకు పరకాల దగ్గర మా ఊరు, రెండేళ్లకోసారి మేడారం. చేతిలో రెండున్నర లక్షలున్నాయి. మహా అయితే ఇంకో యాభై వేలు సర్దగలను. అప్పు మాత్రం చేయను. రెండు బండ్లు చూశాను. ఒకటి 2015 ఈకో, ఏడు సీట్లది, ఏసీ లేదు, 2.40 చెబుతున్నారు. రెండోది 2011 డీజిల్ ఇన్నోవా, మూడుకు ఇస్తామంటున్నారు, మీటరు మీద 1,38,000 కిలోమీటర్లున్నాయి. ఏది మేలు?

కాజీపేట డ్రైవర్:
ఇన్నోవా. ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? రెండున్నర లీటర్ల ఇంజిన్. వేళకు ఆయిల్ మారుస్తూ వాడితే మూడు, నాలుగు లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఈకోలో ముందు సీట్ల కిందే ఇంజిన్ ఉంటుంది. ఏసీ కూడా లేకపోతే మే నెల మధ్యాహ్నం మీ నాన్నను ముందు కూర్చోబెట్టుకుని ములుగు రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లి చూడు, తెలుస్తుంది.

నయీంనగర్ నివాసి:
1,38,000 అంటే ఏడాదికి పది వేలు. అంత తక్కువ తిరిగేవాళ్లు డీజిల్ ఇన్నోవా ఎందుకు కొంటారు? బ్రేక్ పెడల్ మీది రబ్బరు చూడండి. గీతలు అరిగి నున్నగా ఉంటే మీటరు వెనక్కి తిప్పినట్టే. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు కూడా అడగండి.

హంటర్ రోడ్డు:
ఇన్నోవా జోలికి వెళ్లవద్దు. 2011 బండికి 2026తో పదిహేనేళ్లు నిండుతాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలంటే ఫీజు ఒక్కటే 5,000 రూపాయలు. దాని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ కోసం చేయించే రిపేర్లు. ఇంత చేస్తే దొరికేది ఐదేళ్లు. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్‌లలో ఏ ఒక్కటి పోయినా మీరు సర్దుతానన్న యాభై వేలు హారతి కర్పూరమే. ఈకోది 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ఏ ఊరి మెకానిక్‌కైనా తెలిసిన బండి. పైగా పక్కకు జరిగే తలుపులు. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఇన్నోవా ఎక్కడం కష్టం.

కాజీపేట డ్రైవర్:
ఆయన మోకాళ్ల సంగతి చెప్పనే లేదు, మీరెందుకు తెస్తున్నారు? ఇన్నోవాకు మెట్టు పెట్టిస్తే సరిపోతుంది. మా అమ్మకు డెబ్బై దాటాయి, అలాగే ఎక్కుతుంది.

హంటర్ రోడ్డు:
మెట్టుతో ఎక్కేది మధ్య సీటులోకి. మూడో వరుసలోకి ఎక్కించి చూపించండి.

కాజీపేట డ్రైవర్:
పెద్దవాళ్లను మూడో వరుసలో ఎవరు కూర్చోబెడతారు?

భద్రకాళి బండ్:
ఎవరూ కూర్చోబెట్టరు. అక్కడ కూర్చునేది కోడలు. ఒక పక్క టిఫిన్ల సంచి, ఒళ్లో చిన్నపిల్ల, కాళ్ల దగ్గర వాంతుల కవర్లు. వెనుక ఏసీ గాలి సరిగా తగలదు, కిటికీ తెరుచుకోదు. మీ ఇద్దరిలో ఒక్కరైనా మూడో వరుసలో మేడారం దాకా వెళ్లారా? పరకాల రోడ్డు గారూ, మీ ఇంటావిడను ఆ సీట్లో అరగంట కూర్చోబెట్టి, ఆ తర్వాత ధర అడగండి.

జమ్మికుంట:
అన్నా, ఏది కొన్నా జాతర సమయంలో నాలుగు ట్రిప్పులు కిరాయికి కొట్టు, కొంతైనా తిరిగి వస్తుంది.

నయీంనగర్ నివాసి:
ఈ సలహా దయచేసి వినకండి. తెల్ల నంబరు ప్లేటున్న సొంత బండి కిరాయికి తిప్పడం నేరం. దారిలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఎక్కినవాళ్లకు పరిహారం ఎవరు ఇస్తారు, జమ్మికుంట గారా?

ఇంకో మాట. 2023 జూలై వానలకు మన కాలనీలు ఎలా మునిగాయో చూశాం కదా. అప్పుడు నీళ్లలో నిలిచిన బండ్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగండి. పైభాగం ఎంత తోమినా లోపల చుట్టుకున్న చివర బురద చార ఉండిపోతుంది. సీట్ల కింద పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద తడి వాసన కూడా చూడండి.

కాజీపేట డ్రైవర్:
బురద చూసుకోవచ్చు, మీటరు చూసుకోవచ్చు. కానీ హంటర్ రోడ్డు గారు మొదటి నుంచీ ఒకటే పాట పాడుతున్నారు, ఖర్చు, ఖర్చు. ఈకోకు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఒక్క స్టారూ రాలేదు. ఈయన చూసింది 2015 బండి, ఎయిర్‌బ్యాగ్ కూడా ఉండదు. ఇంటిల్లిపాదినీ అందులో ఎక్కించమని ఎలా చెబుతారు?

హంటర్ రోడ్డు:
మీరు చెప్పే 2011 ఇన్నోవాకు ఆ ధరలో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయేమో ముందు అడిగి చెప్పండి. అసలు నేను ఈకో కొనమనడం కూడా మీ ఇన్నోవా కంటే నయమని మాత్రమే. నిజం చెప్పమంటే ఏడు సీట్ల బండే వద్దు. ఏడుగురూ కలిసి వెళ్లేది ఏడాదిలో ఎన్నిసార్లు? ఆ రోజులకు కిరాయి బండి మాట్లాడుకోండి. ఇదే డబ్బుకు ఐదు సీట్ల పెట్రోలు బండి ఇంకా కొత్తది వస్తుంది, ఏసీతో. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి అది చాలదా?

నాకూ ఎనిమిది సీట్ల బండి ఉండేది. కొన్న రోజు నుంచి అది నాది కాదు. బావమరిది పెళ్లిచూపులకు, చిన్నాన్న కొడుకు వేములవాడకు, ఎవరో తెలియని వాళ్ల బారసాలకు. తాళాలు తీసుకెళ్లేటప్పుడు చిరునవ్వు, తెచ్చిచ్చేటప్పుడు ఖాళీ ట్యాంకు. డోరుకు సొట్ట పడితే ఎవరికీ తెలియదు. ఇవ్వనన్న రోజు మాత్రం ఊరంతటికీ తెలిసింది. నష్టానికి అమ్మేశాను, ప్రాణం హాయిగా ఉంది.

కాజీపేట డ్రైవర్:
ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీకు బండితో కాదు, చుట్టాలతో గొడవ. అది ముందే చెప్పి ఉంటే మోకాళ్ల దాకా వెళ్లేవాళ్లం కాదు.

మా నాన్నకు పక్షవాతం వచ్చిన రాత్రి వీధిలో రెండు కార్లున్నాయి. రెండిళ్ల తలుపులూ కొట్టాను. ఒకరు డ్రైవర్ లేడన్నారు, ఇంకొకరు తలుపే తీయలేదు. ఆటోలో తీసుకెళ్లాం. నా బండి తాళం ఎవరు అడిగినా ఇస్తాను, డీజిల్ పోయినా సరే. ఐదుగురికే చోటున్న బండి కొంటే ఊరికి వెళ్లే రోజు ఎవరిని దించుతారు? ఆ చెల్లెలినే కదా?

హంటర్ రోడ్డు:
మీ నాన్నగారి విషయం బాధాకరం. కానీ ఆ రాత్రి మీకు కావలసింది ఒక బండి, ఏడు సీట్లు కాదు.

పరకాల రోడ్డు:
పెద్దలు కోపం తెచ్చుకోకండి. ఇన్నోవా వదిలేశాను. యాప్‌లో నంబరు కొడితే నాలుగో ఓనరు అని వచ్చింది, ఫైనాన్స్ కూడా ఇంకా తీరలేదు. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ అడిగితే బ్రోకరు “తర్వాత ఇప్పిస్తాను” అన్నాడు. ఈకోలో మా ఆవిడను వెనుక కూర్చోబెట్టాను. భద్రకాళి బండ్ గారూ, ఆమె మీకు నమస్కారం చెప్పమంది.

జమ్మికుంటలో 2013 పెట్రోలు ఎర్టిగా ఉందట, రెండో ఓనరు, 3.60 చెబుతున్నారు. మిగతా డబ్బు చెల్లెలు వేస్తానంటోంది.

హంటర్ రోడ్డు:
చెల్లెలు డబ్బు వేస్తే బండి ఎవరిది? ఆర్సీ ఎవరి పేరు మీద? రేపు ఆమె అత్తగారింటి వాళ్లు తాళాలు అడిగితే కాదనగలరా? ఇప్పుడే మాట్లాడుకోండి.

పరకాల రోడ్డు:
ఆర్సీ నాన్న పేరు మీద. అడిగితే ఇస్తాను, పెట్రోలు పోయించుకుని తీసుకెళ్లమంటాను.

హంటర్ రోడ్డు:
నేనూ మొదట్లో అలాగే అన్నాను.

కాజీపేట డ్రైవర్:
ఆయన సంగతి వదిలెయ్ తమ్ముడూ. జమ్మికుంటకు పొద్దున్నే వెళ్లు, చెప్పకుండా వెళ్లు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లారేదాకా కూర్చో. స్టార్టయ్యాక ఆయిల్ మూత తీసి పొగ గుప్పున వస్తుందేమో చూడు. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. అతని కూలి దగ్గర ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు చేయకు. 3.60 అన్నది వాళ్ల మాట. నువ్వు 2.90 దగ్గర మొదలుపెట్టు.

జమ్మికుంట:
ఆ ఎర్టిగా నేను చూశాను అన్నా. వెనుక బంపర్‌కు రంగు వేశారు. 2.80 దగ్గర మొదలుపెట్టు.