పిల్లలు సొంతంగా నేర్చుకునే బడిలో ఉపాధ్యాయుని పని ఏమిటి?

ప్రశ్న

నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక చిన్న ప్రత్యామ్నాయ పాఠశాలలో ఈ ఏడాదే చేరాను. అంతకుముందు ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠ్యపుస్తకం ప్రకారం మూడు, నాలుగు తరగతులకు బోధించేదాన్ని. ఇక్కడ ఆరు నుంచి పదేళ్ల వయసున్న పిల్లలందరూ ఒకే గదిలో ఉంటారు, ఎవరి పని వారే ఎంచుకుంటారు, గంట కొట్టి పాఠం మార్చే పద్ధతి లేదు. చేరిన రోజు నాకు అందిన సూచన ఒక్కటే: బోధించవద్దు, పిల్లలకు తోడుగా ఉండండి. అందులోని ఉద్దేశం నాకు మనస్ఫూర్తిగా నచ్చింది కానీ, ఆచరణలో రెండు చోట్ల అడుగు ముందుకు పడడం లేదు. ఒక బాబు వారాల తరబడి లెక్కల జోలికి వెళ్లకుండా బొమ్మలే వేస్తున్నాడు. ఎనిమిదేళ్లు నిండిన ఒక పాపకు ఇంకా చదవడం రాలేదు. ఇలాంటప్పుడు నేను వేచి ఉండడం ఆ పిల్లలను గౌరవించడమా, లేక నా బాధ్యతను వదిలేయడమా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం (బహుళ తరగతుల బోధనలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు)

మేడమ్, బోధించవద్దన్న మాటను అక్షరాలా తీసుకుంటే పిల్లలకు నష్టమే జరుగుతుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం రూపొందించిన పద్ధతిని గమనిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. అక్కడ పాఠ్యపుస్తకం స్థానంలో, ఒక్కో చిన్న పని ఉన్న కార్డులు ఉంటాయి. గోడకున్న నిచ్చెన పటంలో తాను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లవాడే చూసుకొని, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. చూడడానికి ఉపాధ్యాయుని అవసరమే లేనట్టు అనిపిస్తుంది. కానీ పిల్లలు కూర్చునే బృందాలు ఉపాధ్యాయుని సాయం ఎంత కావాలన్న దాన్నిబట్టే ఏర్పడతాయి. కొత్త విషయాన్ని పరిచయం చేసే బృందంతో ఆయన చాప మీద కూర్చొని నేరుగా బోధిస్తాడు. సాధన చేసేవారు తోటి పిల్లల సాయం తీసుకుంటారు, పట్టు చిక్కినవారు సొంతంగా పనిచేసుకుంటారు. అంటే బోధన పోలేదు, అది ఆ సమయానికి అవసరమైన ఐదారుగురికి మాత్రమే అందుతోంది.

ఈ పద్ధతి స్ఫూర్తితోనే కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో నలి-కలి అనే కార్డుల బోధనా కార్యక్రమం మొదలైంది. తమిళనాడులో ఇలాంటి కార్యక్రమమే 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలతో ప్రారంభమై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. విస్తరణలో ఒక ప్రమాదం ఉందని నా అభిప్రాయం. కార్డులు తయారుచేసే పనిలో పాలుపంచుకున్న ఉపాధ్యాయునికి ఏ కార్డు ఎందుకుందో తెలుస్తుంది. అచ్చయిన కార్డులు పెట్టెలో వచ్చి చేరినచోట, ఆ వెనుక ఉన్న ఆలోచన కూడా చేరకపోతే, ఉపాధ్యాయుడు వరుస తప్పకుండా చూసే కాపలాదారుగా మిగిలిపోతాడు. మీ బడిలో ఉన్న సామగ్రిలో ప్రతి వస్తువునూ ముందు మీరే పిల్లల్లా చేసి చూడండి. ఏ పని తరువాత ఏది రావాలో, ఏది దాటవేస్తే ఎక్కడ ఇబ్బంది వస్తుందో మీకు తెలిసినప్పుడే ఆ బాబు విషయంలో ఎప్పుడు కదలాలో తెలుస్తుంది.

రెండవ సమాధానం (మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు)

నేను పాప గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అది ఆలస్యం చేయకూడని విషయం. నీళ్లలో ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో పిల్లలు చేసి తెలుసుకోగలరు. కానీ ‘క’ అనే గుర్తుకు ఆ శబ్దమే ఎందుకన్నది ఎంత తెలివైన పాపైనా తనంతట తాను కనిపెట్టలేదు. లిపి మనుషులు చేసుకున్న ఏర్పాటు, దాన్ని ఒకరు చెప్పి తీరాలి. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపిలో ఆ అవసరం మరింత ఎక్కువ. పిల్లలే కేంద్రమని నమ్మి ఇక్కడ మౌనంగా ఉండడం ఆ పాపకు అన్యాయమని నేను గట్టిగా భావిస్తున్నాను.

అయితే యాభై ఆరు అక్షరాలూ వరుసగా దిద్దించనవసరం లేదు. త, ల, వ, ప, క అనే ఐదింటితోనే తల, వల, కల, పలక, కలప, కవల అని చదవవచ్చు. దీర్ఘం చేరిస్తే తాత, పాప, పాక వస్తాయి, గుడి చేరిస్తే కాకి, పిలక వస్తాయి. మొదటి వారంలోనే తాను చదవగలనని పాపకు తెలియడం ముఖ్యం. ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టి ఇది చేయించకండి, ఆ వయసులో అవమానం లోతుగా తగులుతుంది. రోజూ తను చెప్పిన ఒకటి రెండు వాక్యాలను, ఇంటి మేకపిల్ల గురించైనా సరే, తన మాటల్లోనే మీరు రాసి, మరునాడు తనతో చదివించండి. తన మాటలే కనుక అర్థం కోసం వెతుక్కోవలసిన పని ఉండదు, దృష్టంతా అక్షరాల మీదే నిలుస్తుంది.

మరో మాట. పిల్లలు కేంద్రంగా ఉండే చదువు ప్రత్యామ్నాయ బడుల సొత్తు కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, భయం లేని వాతావరణంలో నేర్పాలని అన్ని బడులకూ చెబుతోంది. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి అదే చట్టం ఇచ్చేది ఇద్దరు ఉపాధ్యాయులనే. ఐదు తరగతులను ఇద్దరం పంచుకునే మాకు పిల్లలు సొంతంగా పనిచేసుకోవడం అవసరం కూడా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాప విషయంలో రేపటి నుంచే మొదలుపెడతాను. బొమ్మలు వేసే బాబు గురించి, ‘బడిలో ఆటలేనా’ అని అడిగే తల్లిదండ్రుల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడవ సమాధానం (మాంటిస్సోరి శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు)

ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తొలి బాలగృహాన్ని తెరిచినప్పటి నుంచీ, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు కూడా, పరిశీలననే ఉపాధ్యాయుని ప్రధాన నైపుణ్యంగా పరిగణించారు. పరిశీలన అంటే ఊరికే చూస్తూ ఉండడం కాదు. ఆ బాబు బొమ్మలు రోజురోజుకూ మారుతున్నాయా, లేక ఒకే ఇల్లు, ఒకే కొండ మళ్లీ మళ్లీ వస్తున్నాయా? లెక్కల సామగ్రి ఉన్న వైపు ఇతర పిల్లలు ఉన్నప్పుడు అతను ఏం చేస్తున్నాడు? బొమ్మ ఎదుగుతూ ఉంటే అది ఏకాగ్రత, దాన్ని భగ్నం చేయకండి. అదే బొమ్మ తిరిగి వస్తూ, లెక్కల పేరెత్తగానే అతను చూపు తిప్పుకుంటుంటే అతను భయంతో తప్పుకుంటున్నాడని అర్థం. అప్పుడు ఎదురుచూడడం సరికాదు. తనకు కచ్చితంగా వచ్చిన మెట్టుకంటే కిందికి దిగి, అతనొక్కడితో కొద్దిసేపు పనిచేయండి. ముందు ‘ఇవి పది, ఇవి వంద’ అని చెప్పండి, తరువాత ‘వంద ఏది, చూపించు’ అనండి, చివరగా ‘ఇవి ఎన్ని?’ అని అడగండి. తప్పు చెబితే దిద్దకుండా ఆ రోజుకు ఆపి, మరో రోజు మొదటి అడుగు నుంచి రండి. అతని బొమ్మల్లోనే కొలత, సౌష్ఠవం, గళ్ల కాగితం మీద పెంచి గీయడం వంటి పనులు పెట్టవచ్చు గానీ, ఇష్టమైన పనిని ప్రతిసారీ పాఠానికి ఎరగా వాడితే ఆ ఇష్టమే పోతుంది.

మీరు అందరినీ కూర్చోబెట్టి చేయవలసిన పని కూడా ఒకటుంది, అది కథ చెప్పడం. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం అనే చిన్నపిల్లల బడిని స్థాపించిన విద్యావేత్త గిజుభాయి బధేకా కథకు ఇచ్చిన స్థానం చాలా పెద్దది. మనిషి గొంతులోంచి వచ్చే కథను ఏ కార్డూ ఇవ్వలేదు.

తల్లిదండ్రులకు సిద్ధాంతం చెప్పకండి. ప్రతి బిడ్డకూ ఒక నోటు పుస్తకం పెట్టి, తేదీ వేసి, ఏ పని ఎంచుకున్నాడో, ఎక్కడ ఆగాడో, మీరు ఏ సాయం చేశారో రెండు వరుసలు రాయండి. నెలకోసారి ఆ పుస్తకాన్నీ, బిడ్డ చేసిన పనినీ పక్కపక్కన పెట్టి వారితో కూర్చోండి. వారి ప్రశ్న న్యాయమైనది. బిడ్డ భవిష్యత్తును మీ చేతుల్లో పెట్టినవారికి ఈ నెలలో ఏం జరిగిందో, వచ్చే నెలలో మీరు ఏం చేయబోతున్నారో తెలుసుకునే హక్కు ఉంది.