గట్టు కేసు రెండో అప్పీలులో కొత్త సర్వే రిపోర్టు పెట్టొచ్చా?

కావలి దగ్గర పొలం గట్టు తగాదా. దావా మా మీద డిక్రీ అయింది, మొదటి అప్పీలూ కొట్టేశారు. ఇక సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 100 కింద రెండో అప్పీలుకు అమరావతిలో హైకోర్టుకే పోవాలి. గడువు 90 రోజులు. నకళ్లకు పట్టే రోజులు లెక్కలోకి రావు గనక కాపీ అప్లికేషన్ వెంటనే వేశాం.

చిక్కల్లా ఒక్కచోటే. హైకోర్టులో సాక్ష్యాన్ని మళ్లీ తూచరు. గట్టి న్యాయప్రశ్న (చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న) ఉంటేనే అప్పీలు తీసుకుంటారు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల సర్వే పుస్తకం) పటం రికార్డులో ఉంది గానీ, అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు వేసే లాయర్‌ను) వేసి సర్వేయర్‌తో కొలిపించమన్న పిటిషన్ కింది కోర్టులో నిలవలేదు. కొలతే లేకుండా హద్దు తేల్చడాన్ని న్యాయప్రశ్నగా రాస్తే నిలుస్తుందా? లేక అప్పీలులో అదనపు సాక్ష్యం పెట్టడానికి ఉన్న సీపీసీ ఆర్డర్ 41 రూల్ 27 కింద కొత్త సర్వే రిపోర్టు కూడా జతచేయాలా?

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు కాబట్టి స్టే పిటిషన్ అదే రోజు వేస్తాం. ఇలాంటి కేసులు నడిపినవాళ్లు ప్రశ్నను ఏ మాటల్లో రాశారో దయచేసి చెప్పండి.